కట్టుడు పళ్ళు – దవడల పొందిక

“పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు” అని మనవారి సామెత. ఈ సామెత పుట్టిన కాలమున ఊడిన పంటికి మారు పన్ను లభించుట సామాన్యునకు కలలోని మాట. నేడో, చిన్న పట్టణమునందును దంతవైద్యశాలలు వెలసినవి. కొలది వారములలో నోటినిండ పళ్ళు కట్టించుకొనవచ్చును. అయినను మన యిండ్లలో ఒక వింత కనబడుచున్నది. ధనము వెచ్చించి కట్టించిన పళ్ళు పెద్దల నోట నుండక, గూటిలోని డబ్బాలో నుండును. భోజనవేళ వానిని తీసి ప్రక్కన బెట్టుదురు. బంధువులు వచ్చినప్పుడు మాత్రము తొడుగుకొందురు. “వయసు మీరినది, అలవాటు కాలేదు” అని మనము సరిపెట్టుకొందుము. చాలమారులు ఈ యిబ్బందికి మూలము వేఱొకటి: పైదవడకును క్రిందిదవడకును గల పొందికను సరిగా కొలిచి గ్రహింపకయే పళ్ళు కట్టియుందురు. ఆ పొందిక యనగా నేమి, దానిని వైద్యు లెట్లు గ్రహింతురు, ఆ పనిలో ఇంటివారు చేయదగిన సాయ మేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింప దలచినాము.

బడి సంచికలో పళ్ళ ప్రసంగ మేల యని తల్లిదండ్రులు ప్రశ్నింపవచ్చును. మన పిల్లలకు వీధిలో వినబడునది తమిళము, కన్నడము. తెలుగు బడిలో కొన్ని గంటలు మాత్రమే. తల్లిదండ్రులు ఉదయమే పనులకు పోయి ప్రొద్దుగ్రుంకిన పిదప వత్తురు. ఇంట తెలుగు నిలిపియుంచుచున్నవారు అవ్వయు, తాతయు. కథయైనను, పద్యమైనను, పొడుపుకథయైనను బిడ్డ మొదట వినునది వారి నోటనే. ఆ నోరు మూతపడిన ఇంటిలో బిడ్డకు తొలి తెలుగుబడి మూతపడినట్లే.

ఈ సంగతి మాకు మా యింటనే తెలిసివచ్చెను. మా తల్లిగారు సాయంకాలము మనుమలను చుట్టు కూర్చుండబెట్టుకొని పద్యములు చెప్పెడివారు. పళ్ళన్నియు తీసివేయవలసి వచ్చిన తరువాత, ఇంట పెండ్లి సమీపించుటచే తొందరపెట్టి, రెండు రాకలలోనే ఆమెకు పళ్ళు కట్టించితిమి. నోట మైనము పెట్టి కొరుకుమన్నప్పుడు ఆమెకు వైద్యుని భాష తెలియదని మేము ప్రక్కన నిలిచి “గట్టిగా కొరుకమ్మా, ఇంకా గట్టిగా” అని హెచ్చరించుచుంటిమి. పళ్ళు సొగసుగానే వచ్చినవి. కాని మాటాడిన టకటక మని చప్పుడు. పెదవులు మూసికొనుట ప్రయాస. రాగిముద్ద మ్రింగిన తరువాత చిగుళ్ళు మంట. నెల తిరుగకుండగనే పళ్ళు డబ్బాలోనికి పోయినవి. ఆమె నోటికి చెంగు అడ్డము పెట్టుకొనుట అలవాటయ్యెను, పద్యములు ఆగిపోయెను. ఒక సంవత్సరము గడచిన పిమ్మట వేఱొక వైద్యురాలు ఆ పళ్ళను పరీక్షించి, ఎత్తు ఎక్కువైనదనియు, క్రిందిదవడ ముందుకు జరిగియుండగా పట్టు గ్రహించినారనియు చెప్పెను. తొందర మాది, గట్టిగా కొరుకుమన్న నోరును మాదే. అప్పుడు నేర్చిన పాఠమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

దవడలకు పొందిక యేల?

పైదవడ తలపుఱ్ఱెకు కదలకుండ అతికియున్న యెముక. క్రిందిదవడ రెండు చెవులకు ముందున్న కీళ్ళయందు వ్రేలాడుచు కదలునది. చెవిముందు వ్రేలుంచి నోరు తెఱచి మూసినచో ఆ కీలు కదలుట తెలియును. అది తలుపు బందువలె తిరుగుటయే కాక, ముందుకును ప్రక్కలకును జారగలదు. సహజమైన పళ్ళున్నంతకాలము పైపళ్ళును క్రిందిపళ్ళును ఒకదానిలో నొకటి కుదురుకొని, దవడ యెచ్చట ఆగవలెనో తామే నిర్ణయించును. పళ్ళన్నియు పోయిన వెనుక ఆ గుర్తు పోవును. క్రిందిదవడ ఎంత పైకి వచ్చి యాగవలెనో, ఎంత వెనుకనుండవలెనో చెప్పునది లేదు.

తిరుగలిని తలచుకొన్న ఈ విషయము సులభముగా బోధపడును. రెండు రాళ్ళును మంచివే యైనను నడుమ కొయ్యమేకు ప్రక్కకు జరిగిన పిండి మెత్తబడదు. రాళ్ళు ఒరసికొని అరుగును. నోటిలో రాళ్ళకు బదులు మెత్తని చిగుళ్ళున్నవి. పొందిక తప్పిన పళ్ళక్రింద ఒరసికొనిపోవునవి ఆ చిగుళ్ళు, వాని క్రింది యెముక.

ఆ యెముకయు స్థిరముగా నుండదు. పళ్ళు తీసిన తరువాత ఏటేట కొంత కరగుచుండును. టాల్‌గ్రెన్ అను పరిశోధకురాలు ఇరువదియైదేండ్లు కొందఱిని పరిశీలించి 1972లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, ముందుభాగమున క్రిందిదవడ ఎముక పైదవడ యెముకకంటె సుమారు నాలుగురెట్లు ఎక్కువగా తరుగును. క్రిందిపళ్ళే ముందుగా వదులగుటకు ఇది యొక కారణము. కనుక ఒకసారి గ్రహించిన పొందిక జన్మాంతము చెల్లదు. కొన్నియేండ్ల కొకమారు పళ్ళ లోపలి భాగమును సరిచేయించుటయో, కొత్తవి కట్టించుటయో అవసరమగును.

పూర్వులు పడిన పాట్లు

ఈ పొందికను గ్రహించుట యూరపు, అమెరికా వైద్యులు క్రమక్రమముగా నేర్చిన విద్య. ప్రష్యా రాజైన రెండవ ఫ్రెడరిక్ ఆస్థానమున దంతవైద్యుడుగా నున్న ఫిలిప్ ఫాఫ్ 1756లో ప్రకటించిన గ్రంథమున, మైనముతో నోటి అచ్చు తీసి దానినుండి ప్లాస్టరు నమూనా చేయు విధమును, రెండు దవడల పట్టు గ్రహించు విధమును వ్రాసెను. ఆ విద్య అందఱికిని అందుబాటులోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను. అమెరికా దేశపు మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టనుకు 1789లో పదవీస్వీకారము చేయునాటికి ఒకే సహజదంతము మిగిలియుండెనట. ఆయన కట్టుడు పళ్ళలో సీసము, దంతము, మనుష్యుల పళ్ళు, జంతువుల పళ్ళు వాడిరి; పై క్రింది పళ్ళను ఉక్కు స్ప్రింగులు ఎడమగా నొక్కియుంచెడివి. నోరు మూసికొనవలెనన్న ఎల్లప్పుడు దవడను బిగబట్టవలసినదే. అవి పెదవులను ముందుకు ఉబ్బించుచున్నవని ఆయన 1798లో తన దంతవైద్యునికి మొఱపెట్టుకొనెను. దేశాధ్యక్షునికి సైతము దొరకనిది సరియైన పొందిక.

1858లో బాన్‌విల్ అనువాడు దవడల కదలికను అనుకరించు ఉపకరణమొకటి కల్పించెను. ఇట్టి ఉపకరణమును ఆర్టిక్యులేటరు అందురు. తరువాత జూరిచ్ నగరవాసి ఆల్‌ఫ్రెడ్ గైసీ మొదలగువారు దానిని మెరుగుపఱచిరి. నేటి దంతశిల్పి మన యెదుట లేకుండగనే తన బల్లపై ఆ ఉపకరణమున నమూనాల నమర్చి పళ్ళు పేర్చును. కాని ఉపకరణమునకు తనంత తానుగా మన దవడ తెలియదు. వైద్యుడు మన నోటినుండి గ్రహించి పంపిన కొలతయే దానికి ఆధారము.

మూడు కొలతలు

మొదట వైద్యుడు చిగుళ్ళ అచ్చులు తీసి నమూనాలు పోయించును. వానిపై పలుచని పీఠములు చేసి, పళ్ళుండవలసిన చోట మైనపు గట్టు నిలుపును. ముందువైపున పైగట్టు ఎత్తు సుమారు 22 మిల్లీమీటర్లు, క్రిందిగట్టు ఎత్తు సుమారు 18 మిల్లీమీటర్లు ఉండునట్లు ఆరంభించి, మనిషిని బట్టి చెక్కుటయో, చేర్చుటయో చేయును. ఈ గట్టులతోనే మూడు కొలతలు గ్రహింతురు.

మొదటిది పైదవడ స్థానము. పైగట్టు అంచు ముందునుండి చూచిన రెండు కనుపాపలను కలుపు గీతకు సమాంతరముగాను, ప్రక్కనుండి చూచిన ముక్కుప్రక్కనుండి చెవివఱకు గీచిన గీతకు సమాంతరముగాను ఉండునట్లు సరిచేయుదురు. పెదవి విశ్రాంతిగా నున్నప్పుడు ముందుభాగమున ఒకటి రెండు మిల్లీమీటర్ల గట్టు కనబడవలెను. వృద్ధులకు అంతకంటె తక్కువ చాలును. ముఖపు నడిగీతను, నవ్వినప్పుడు పెదవి యెక్కడికి లేచునో ఆ గీతను మైనముపై గుర్తింతురు. కొందఱు వైద్యులు ఫేస్‌బో అను విల్లువంటి చట్రమును ముఖమున కమర్చి, పైదవడ కీళ్ళకు ఎంత దూరమున నున్నదో గ్రహించి, దానినే ఆర్టిక్యులేటరుకు మార్చుదురు.

రెండవది ఎత్తు. చదువరులు ఇచ్చట నిలిచి ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. నిటారుగా కూర్చుండి, భుజములు వదలి, “అమ్మ” అని పలికి ఊరకుండుడు. పెదవులు కలిసియుండును; పళ్ళు మాత్రము కలిసియుండవు. వానినడుమ ఒక పెసరగింజ మందము ఎడముండును. ఇది దవడ విశ్రాంతి స్థితి. 1934లో అమెరికా వైద్యుడు నిస్వాంగర్ ఈ స్థితిని ఆధారముగా గొని ఎత్తును కొలుచు పద్ధతిని వివరించెను. నేటికిని ముక్కుకొనపై నొకటి, గడ్డముపై నొకటి చుక్కపెట్టి, విశ్రాంతిగా నున్నప్పుడు వాని నడిమి దూరమును కొలిచి, అందు 2 మొదలు 4 మిల్లీమీటర్లు తగ్గించి, పళ్ళు కలిసినప్పటి ఎత్తును నిర్ణయించుచున్నారు. ఇది ఒక్క కొలతతో తేలునది కాదు. మాటను, మ్రింగుటను, ముఖపు తీరును కలిపి చూడవలెను.

ఈ కొలది మిల్లీమీటర్లలోనే సుఖదుఃఖము లున్నవి. ఎత్తు ఎక్కువైన దవడ కండరములకు విశ్రాంతి లేదు, మాటాడునప్పుడు పళ్ళు తగిలి చప్పుడగును, చిగుళ్ళు నొచ్చును, ముఖము బిగిసినట్లుండును. ఎత్తు తక్కువైన గడ్డము ముక్కు దగ్గఱకు వచ్చి ముఖము కుంగినట్లు కనబడును. నమలు బలము తగ్గును. నోటి మూలల మడతలలో తడి నిలిచి పుండ్లు పడును.

మూడవది ముందువెనుకల పొందిక. పళ్ళు పోయిన పెద్దలు చిగుళ్ళతో నమలుటకు ప్రయత్నించి క్రిందిదవడను ముందుకు చాచుట అలవాటు చేసికొందురు. ఆ స్థితిలో పట్టు గ్రహించిన, పళ్ళు వచ్చిన తరువాత దవడ తన సహజస్థానమునకు వెనుకకు పోగానే పైపళ్ళు క్రిందిపళ్ళు తప్పిపోవును. కావున వైద్యుడు దవడను వదులుగా వెనుకకు పోనిచ్చి, కీళ్ళు కుదురుకొన్న స్థితిలో మెల్లగా మూయించును. నాలుక కొనను అంగిలి వెనుకకు మడచి నోరు మూయుమనుట, మ్రింగుమనుట ఇందుకు ఉపాయములు. గైసీ ప్రచారము చేసిన యింకొక పద్ధతి కలదు. ఒక గట్టుకు మొన, రెండవదానికి పలక అమర్చి దవడను ముందుకును, కుడియెడమలకును కదలించిన, పలకపై బాణపు మొనవంటి గీత పడును. ఆ బాణపు కొసయే కావలసిన స్థానము. గట్టిగా కొరుకుమన్నచో మెత్తని చిగుళ్ళపై పీఠములు కదలును, మైనము ఒరుగును, దవడ జారును. మేము చేసిన తప్పిదము ఇదియే.

అక్షరముల పరీక్ష

ఈ కొలతలు కుదిరినవో లేదో చూపుటకు మాటను మించిన సాక్షి లేదు. 1953లో సిల్వర్‌మన్ అను వైద్యుడు, సకారము పలుకునప్పుడు పైపళ్ళును క్రిందిపళ్ళును తగులక అతిసమీపమునకు వచ్చునను సంగతిని ఆధారముగా గొని ఎత్తును పరీక్షించు పద్ధతిని వ్రాసెను. సకారమున పళ్ళు తగిలి చప్పుడైన, ఎత్తు హెచ్చినదని అనుమానింపవలెను. మకారమున పెదవులు ప్రయాస లేక కలియవలెను. ఫకారమును ఆంగ్లపదములలోవలె పలుకునప్పుడును, వకారము పలుకునప్పుడును పైపళ్ళ అంచు క్రిందిపెదవిని చేరవలెను. త, ద, న అను వర్ణములను మనవారు దంత్యము లనుటయే నాలుకకు పంటి ఆశ్రయ మెంతయో తెలుపుచున్నది.

ఇచ్చట మనవంటి వారు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆంగ్లగ్రంథములలో రోగిచే అరువదినుండి డెబ్బదివఱకు లెక్క పెట్టింపుమని వ్రాయుదురు. ఆంగ్లమున ఆ సంఖ్యల పేళ్ళలో సకారము మాటిమాటికి వచ్చుటయే దానికి హేతువు. మన అవ్వ “అరవై ఒకటి, అరవై రెండు” అని లెక్కించిన వకారము వచ్చునేగాని సకారము రాదు. ఆ పరీక్ష యావత్తు వ్యర్థము. మా తల్లిగారికి రెండవమారు పళ్ళు కట్టిన వైద్యురాలికి తెలుగు రాదు. ఓర్పు మాత్రము మెండు. మేమీ సంగతి విన్నవింపగా “అట్లయిన మీ మాటలే చెప్పింపుడు” అనెను. సంత, సరుకు, సున్న, సాలె, రసము అను పదములను పలికించితిమి.

తెలుగునందు చ, జ లు రెండు విధములు. చిలుక, చెట్టు, జీడి యనునప్పుడు తాలవ్యములు. చాప, చుక్క, జొన్న, జాబు యనునప్పుడు దంత్యములు. ఈ దంత్యములను పలుకుటకు నాలుకకొన పైపళ్ళ వెనుకకు చేరి, రెండు వరుసలును దగ్గఱకు రావలెను. ఈ భేదమును ఎఱుగని వైద్యునికి ఈ మాటలతో పరీక్షింపవలెనని తోచదు. అవ్వ చాప యనుచున్నదో, మరియొకటి యనుచున్నదో చెవిపెట్టి వినవలసినవారము మనమే.

ఇంటివారు చేయవలసినవి

అచ్చులకు రెండు రాకలు, పొందికకు ఒకటి, మైనమున పేర్చిన పళ్ళను నోట పెట్టి చూచుటకు ఒకటి, తుదిపళ్ళకు ఒకటి, ఇట్లు సామాన్యముగా అయిదు రాకలైనను పట్టును. అటుపిమ్మట ఒరపిడి సరిచేయుటకు మరికొన్నిమారులు పోవలెను. పెండ్లికో, పండుగకో గడువు పెట్టి తొందరపెట్టరాదు.

పొందిక గ్రహించునాడు పెద్దలు అలసిపోక మునుపు, వీలైన ఉదయమే, తీసికొనిపోవలెను. పాతపళ్ళున్న వెంట తీసికొనిపోవుట మంచిది. పళ్ళున్న కాలమున తీసిన ఫొటో యున్న మఱియు మంచిది. ముఖపు ఎత్తును ఊహించుటకు అది వైద్యునికి సాయపడును.

వైద్యుని మాట పెద్దలకు అర్థము కానియెడల ఇంటివా రొకరు ప్రక్కన కూర్చుండి మెల్లని స్వరముతో తెలుగున చెప్పవలెను. “గట్టిగా” అను మాట మాత్రము వాడరాదు. “వదులుగా ఉండు అవ్వా, నాలుక వెనక్కి పెట్టి మెల్లగా మూయి” అనిన చాలును. ఒకరికంటె ఎక్కువమంది మాటాడిన పెద్దలు కంగారుపడి దవడను బిగబట్టుదురు.

మైనపు పళ్ళను పరీక్షించు రాకను ఎంతమాత్రము విడువరాదు. అప్పుడు పన్ను జరుపవచ్చును, ఎత్తు తగ్గింపవచ్చును, పొందికను మరల గ్రహింపవచ్చును. అక్రిలిక్ తో గట్టిపడిన తరువాత స్వల్పమైన ఒరపిడులను తప్ప సరిచేయుట కష్టము. అద్దమున అందము చూచుకొని “బాగున్నవి” అని లేవక, అవ్వచే పది మాటలు పలికింపుడు.

నేడు స్కానరుతో నోటి కొలతలు గ్రహించి, కంప్యూటరున రూపొందించి, యంత్రముచే పళ్ళు తయారుచేయు పద్ధతులును వచ్చినవి. పని త్వరగా సాగును. అయినను దవడ ఎచ్చట విశ్రమించునో మనిషి నోటినుండియే గ్రహింపవలెను. వ్యయమునకు వెనుదీయువారు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలను తలపవచ్చును. మద్రాసున 1953లోను, బెంగుళూరున 1958లోను ఇట్టివి వెలసినవి. విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో చేయుదురు గనుక రాకలు ఎక్కువగును, వ్యయము తక్కువగును.

కట్టుడు పళ్ళు ఎంత బాగుగా కుదిరినను సహజమైన పళ్ళంత బలముగా నమలలేవు. నాలుగింట ఒకవంతు బలము దొరికిన మేలే యనుకొనవలెను. మొదటి వారములలో మెత్తని అన్నము, ఉడికిన కూరలు చిన్న ముద్దలుగా రెండు ప్రక్కల నమలవలెను. రాత్రివేళ పళ్ళను తీసి, శుభ్రపఱచి, చల్లని నీటిలో ఉంచవలెను. వేడినీరు పోసిన వంకరపోవును. పుండు పడిన పళ్ళను డబ్బాలో దాచక వైద్యునికి చూపవలెను.

మా తల్లిగారి రెండవ పళ్ళు కుదురుటకు మూడు నెలలు పట్టెను. వేరుసెనగలు ఆమెకు నేటికిని దంచి పెట్టవలసినదే. కాని చెంగు అడ్డము పోయినది. మొదటి పళ్ళనాడు పద్యములు వినుచుండిన పెద్దమనుమడు ఇప్పుడు పై తరగతులకు వచ్చినాడు; ఆ నడిమి యేడు వానికి దక్కవలసిన పద్యములు దక్కలేదు. చిన్నమనుమరాలు మాత్రము నేడు అవ్వ ప్రక్క చేరి, ఆమె పలికినట్లే పలుకుచున్నది.

వచ్చు విద్యాసంవత్సరమున శనివారపు చివరిగంటను పెద్దల కథలకై కేటాయింప నిశ్చయించినాము. తల్లిదండ్రులారా, మీ యింటి అవ్వను, తాతను ఆ గంటకు పంపుడు. పళ్ళు లేవని వారు సంకోచించినను పంపుడు. డబ్బాలోని పళ్ళు నొచ్చుచున్నవని చెప్పిన, ఈ సెలవులలోనే ఒకమారు వైద్యుని కడకు తీసికొనిపోవుడు.